కొండెక్కే ముందే అడగండి

శిఖరం మీద మోకాలిపై కూర్చుని ‘పెళ్లి చేసుకుందామా’ అని అడిగితే రీల్‌కి లైకులు బాగానే వస్తాయి. నేనూ అలాగే అడిగా. జవాబు మాత్రం కొండ మీద దొరకలేదు. ఒకపక్క ఉద్యోగం వెతుక్కుంటూ, మరోపక్క ప్రేమలో ఉండి, ఈ ఆదివారం ట్రెక్‌కి ప్లాన్ వేసుకుంటున్న తమ్ముళ్లూ చెల్లెళ్లూ, బయల్దేరే ముందు ఒక్కసారి ఇది చదవండి.

2023 జనవరి. సంక్రాంతి సందడి అయిపోయాక వచ్చిన ఆదివారం. ఉప్పల్ రింగ్ రోడ్డులో వరంగల్ బస్సులు ఆగేచోట బైక్ పక్కన నిలబడి తన కోసం చూస్తున్నా. జర్కిన్ జేబులో వెండి ఉంగరం. ధర పద్దెనిమిది వందలు. అది కూడా ఫ్రెండ్ దగ్గర అప్పు.

మాది నాచారం. తనది ఉప్పల్ దగ్గర చిలకానగర్. నాది బీటెక్, తనది బీఫార్మసీ. 2019లో ఇద్దరం వేర్వేరు కోర్సుల కోసం అమీర్‌పేటకి తిరిగేవాళ్లం. తను ఉప్పల్‌లో మెట్రో ఎక్కేది, నేను హబ్సిగూడలో ఎక్కేవాణ్ని. మొదట్లో ముఖ పరిచయం, తర్వాత నోట్సులు, ఆ తర్వాత టిఫిన్ బాక్సులు. తనకి నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలోనే ఓ ఫార్మా కంపెనీ క్వాలిటీ కంట్రోల్ ల్యాబ్‌లో ఉద్యోగం వచ్చింది. నాకు మూడేళ్లు తిరిగాక ఒక ఆఫర్ లెటర్ వచ్చింది.

లెటరైతే వచ్చింది కానీ జాయినింగ్ రాలేదు. ముందు నవంబరు అన్నారు, తర్వాత జనవరి అన్నారు, ఆ తర్వాత ‘తదుపరి మెయిల్ వచ్చేవరకు వేచి ఉండండి’ అన్నారు. అప్పటికే ఇంట్లో స్వీట్లు పంచేశాం. కాలనీ అంతా ‘సాఫ్ట్‌వేర్ అయిండట’ అని చెప్పుకుంటోంది. సిగ్గుతో అందరికీ ఒకటే అబద్ధం చెప్పా: జాయినయ్యాను, వర్క్ ఫ్రమ్ హోమ్ అని. తనకీ అదే చెప్పా. రోజూ ల్యాప్‌టాప్ ముందు కూర్చుని బ్లాగ్ రాసుకుంటూ, తెలిసినవాళ్లకి చిన్న చిన్న వెబ్‌సైట్లు చేసిపెడుతూ నెట్టుకొచ్చా. ముందు తనతో ‘ఊ’ అనిపించుకుంటే నిజం తర్వాత మెల్లగా చెప్పొచ్చు అనుకున్నా. నా ప్లాన్ మొత్తం ఇదే.

రీల్ కోసం ఎక్కిన కొండ

ఉప్పల్ నుంచి భువనగిరి కోట నలభై కిలోమీటర్లు కూడా ఉండదు. బోడుప్పల్, నారపల్లి, ఘట్‌కేసర్, బీబీనగర్ దాటితే దూరం నుంచే ఆ పెద్ద బండ కనిపిస్తుంది. 500 అడుగులకు పైగా ఎత్తున్న ఏకశిల. పశ్చిమ చాళుక్య రాజు త్రిభువనమల్ల ఆరో విక్రమాదిత్యుడి పేరు మీద త్రిభువనగిరి అయింది, జనం నోట్లో పడి భువనగిరిగా మారింది. మన తూర్పు హైదరాబాద్ పిల్లలకి సెలవు దొరికితే గుర్తొచ్చే కొండ ఇదే.

మెట్లెక్కుతుంటే తను రెండుసార్లు ఆగింది. రెండుసార్లూ ఏదో అడగబోయి మానుకుంది. నా ధ్యాసంతా పైన ఉన్న ఫ్రెండ్ మీదే. వాడు మాకంటే ముందే వచ్చి, కోట గోడ వెనక ఫోన్ పట్టుకుని రెడీగా ఉన్నాడు.

పైకి చేరాం. ఒకటే గాలి. నేను మోకాలి మీద కూర్చున్నా. వారం రోజులు బట్టీ పట్టిన డైలాగ్ ఒక్క ముక్క గుర్తు రాలేదు. ‘పెళ్లి చేసుకుందామా?’ అని మాత్రం అనగలిగా. చుట్టూ ఉన్నవాళ్లు మా వైపు తిరిగారు. ఎవరో చప్పట్లు మొదలుపెట్టారు. ‘ఎస్ చెప్పు అక్కా!’ అని ఓ కుర్రాడు అరిచాడు. తను నన్ను చూసింది, ఉంగరాన్ని చూసింది, గోడ వెనక మెరుస్తున్న ఫోన్‌ని కూడా చూసింది.

‘‘లే. కిందికి పోయినంక మాట్లాడుకుందాం’’ అంది. గొంతు పెంచలేదు.

దిగేటప్పుడు ఒకచోట బండ బాగా ఏటవాలుగా ఉంటుంది. నేను ముందు దిగి చెయ్యి అందించా. తను ఒక్క క్షణం ఆగింది. వేరే దారి లేక పట్టుకుంది. ఆ ఒక్క క్షణం నాకిప్పటికీ గుర్తుంది. రోజూ అడక్కుండానే నా చెయ్యి పట్టుకునే మనిషి ఆరోజు ఆలోచించి పట్టుకుంది.

బీబీనగర్‌లో చాయ్ కోసం ఆగాం. అప్పుడు అడిగింది. ‘‘నేను పైన వద్దంటే ఏం చేసేటోనివి? నీ చెయ్యి పట్టుకునే దిగాలె. నీ బండి మీద, నీ ఎనక కూసొనే ఇంటికి రావాలె. గంత మంది చూస్తుంటే, వీడియో తీస్తుంటే నేనేం చెప్పాలె?’’

నా దగ్గర సమాధానం లేదు. రెండో ప్రశ్న ఇంకా గట్టిగా తగిలింది. ‘‘జాయినై రెండు నెలలైంది అన్నవ్ కదా. ఐడీ కార్డు ఒక్కసారన్న చూపెట్టినవా?’’

నిజం చెప్పేశా. తను చాయ్ పూర్తిగా తాగింది, గ్లాసు కింద పెట్టింది. ‘‘నేను బస్సుకు పోత’’ అని రోడ్డు దాటింది. ఉప్పల్ వైపు వెళ్లే బస్సు వచ్చేదాకా ఇటువైపు నేను, అటువైపు తను.

గుండె దడ ఎవరి వల్ల?

ఆ రోజు నేను చేసిన తప్పేంటో తెలుసుకోవడానికి చాలా చదివా. అందులో బాగా పనికొచ్చింది 1974లో వచ్చిన ఒక పరిశోధన. కెనడాలోని వాంకూవర్ దగ్గర కాపిలానో అనే వేలాడే వంతెన ఉంది. నదికి 230 అడుగుల ఎత్తున ఊగుతూ ఉంటుంది. డొనాల్డ్ డటన్, ఆర్థర్ ఏరన్ అనే సైకాలజిస్టులు ఆ వంతెన దాటే మగవాళ్ల దగ్గరికి ఒక అమ్మాయిని పంపారు. ఆమె చిన్న సర్వే చేసి, వివరాలు కావాలంటే ఫోన్ చేయమని నంబర్ ఇచ్చేది. నేలకి దగ్గరగా, గట్టిగా ఉన్న మరో వంతెన మీదా ఇలాగే చేశారు. ఊగే వంతెన మీద నంబర్ తీసుకున్న 18 మందిలో 9 మంది ఆమెకి ఫోన్ చేశారు. గట్టి వంతెన మీద తీసుకున్న 16 మందిలో చేసింది ఇద్దరే.

భయానికీ ఎత్తుకీ గుండె కొట్టుకుంటుంటే, ఆ దడ ఎదురుగా ఉన్న మనిషి వల్లే అనుకునే అవకాశం ఉందని వాళ్లు చెప్పారు. కొండ శిఖరమూ అలాంటిదే. ఎక్కిన ఆయాసం, గాలి, ఎత్తు, సాధించామన్న సంతోషం అన్నీ కలిసి గుండెని పరిగెత్తిస్తాయి. అక్కడ వచ్చే ‘ఎస్’లో కొండ వాటా ఎంత, మన వాటా ఎంత? కింద, నాడి మామూలుగా కొట్టుకుంటున్నప్పుడు వచ్చే జవాబు మీదే కదా జీవితాంతం బతకాల్సింది.

గంటలో యాక్సెప్ట్ చేయాలట!

మీకు ప్లేస్‌మెంట్ సీజన్‌లో ఇలాంటి మెయిల్ వచ్చే ఉంటుంది: ‘ఈ ఆఫర్‌ని గంటలోగా అంగీకరించాలి’. బాండ్ ఎన్నేళ్లో చదవడానికీ, సీనియర్‌ని అడగడానికీ టైం ఉండదు. అలా తొందరపెట్టేవాళ్లని చూస్తే మనకి అనుమానం వస్తుంది, వాళ్లేదో దాస్తున్నారని. మరి కొండ మీద, కెమెరా ముందు, పదిమంది మధ్య మనం అడిగే ప్రశ్న? అది గంట కూడా ఇవ్వదు. పది సెకన్లే. పైగా నేను నిజంగానే దాచా.

అడిగే హక్కు మనకి ఉన్నట్టే, వద్దనే హక్కు అవతలివాళ్లకి ఉంటుంది. ఆ వద్దు చెప్పాక తను భయం లేకుండా, ఇబ్బంది పడకుండా, మన సాయం లేకుండా ఇంటికి వెళ్లగలగాలి. శిఖరం మీద అది కుదరదు. ఊరికి దూరంగా, మీ బండి మీద తీసుకెళ్లిన ఏ చోటైనా ఇంతే. అమ్మాయి అడిగినా, అబ్బాయి అడిగినా ఇందులో తేడా లేదు.

పైన పది నిమిషాలే

కొండ మీద పెళ్లి మాట అసలు తప్పేం కాదు. నేపాల్‌కి చెందిన మోనా ములేపతి, పెమ్ దోర్జే షెర్పా 2005 మే 30న ఎవరెస్ట్ శిఖరం మీదే పెళ్లి చేసుకున్నారు. అక్కడ పెళ్లాడిన మొదటి జంట వాళ్లే. ఆమె నెవార్, అతను షెర్పా. రెండు సముదాయాల మధ్య పెళ్లంటే అక్కడా అడ్డంకులే. ఆక్సిజన్ మాస్కులు కాసేపు తీసి, ప్లాస్టిక్ దండలు మార్చుకున్నారు. అతను ఆమె నుదుట సిందూరం పెట్టాడు. శిఖరం మీద ఉన్నది పది నిమిషాలు. వాళ్లు చేసుకుందామన్న నిర్ణయం మాత్రం శిఖరం మీద పుట్టలేదు. దండలూ సిందూరం సంచిలో సర్దుకున్నారంటేనే, మాట కిందే అయిపోయిందని అర్థం.

అక్కడ గాలిలో దొరికే ఆక్సిజన్ సముద్ర మట్టంతో పోలిస్తే మూడో వంతే. తెలివిగా ఆలోచించడానికి అది చోటు కాదు. అందుకే పర్వతారోహకులు ఎప్పుడు వెనక్కి తిరగాలో, ఎవరు ఎవరితో ఉండాలో ముందే కింద కూర్చుని నిర్ణయించుకుంటారు. శిఖరం వాళ్లకి సగం దారి మాత్రమే. దిగితేనే ఎక్కినట్టు.

దిగడం మరిచిపోతే ఏమవుతుందో 2020 డిసెంబరులో ఆస్ట్రియాలో జరిగింది చూడండి. కరింథియా ప్రాంతంలోని ఫాల్కర్ట్ పర్వతం మీద 27 ఏళ్ల యువకుడు తన స్నేహితురాలికి ప్రపోజ్ చేశాడు. ఆమె ఒప్పుకుంది. ఆ వెంటనే కాలు జారి సుమారు 200 మీటర్లు కిందికి పడిపోయింది. పట్టుకోబోయి అతనూ పడి, మధ్యలో బండకి వేలాడుతూ ఉండిపోయాడు. కింద మంచు ఉండబట్టి ఆమె బతికింది. అతణ్ని రక్షించడానికి హెలికాప్టర్ రావాల్సి వచ్చింది. వెన్నుపూస విరిగింది. ఇద్దరూ బతికారు కాబట్టి మనం దీన్ని వింతగా చెప్పుకుంటున్నాం.

కింద నుంచే కొలిచారు

ఉప్పల్ మెట్రోలో తిరిగేవాళ్లకి సర్వే ఆఫ్ ఇండియా పేరు పరిచయమే. వాళ్ల శిక్షణ సంస్థ మన ఉప్పల్‌లోనే ఉంది. ఎవరెస్ట్ ప్రపంచంలోకెల్లా ఎత్తయిన శిఖరమని తేల్చింది ఆ శాఖే. 1856లో 29,002 అడుగులని ప్రకటించారు. అప్పటికి దాన్ని ఎవరూ ఎక్కలేదు. టెన్సింగ్, హిల్లరీ ఎక్కింది 1953లో. అంటే దాదాపు వందేళ్ల ముందే, ఎంతో దూరాన మైదానంలో నిలబడి, కోణాలు కొలిచి, లెక్క కట్టారు. ఇప్పుడు అధికారికంగా ఒప్పుకున్న ఎత్తు 8,848.86 మీటర్లు. అడుగుల్లో చూస్తే వాళ్ల లెక్క తప్పింది దాదాపు ముప్పై అడుగులే.

భువనగిరి బండకీ ఇలాంటి కథే ఉంది. 2014 మే 25న ఎవరెస్ట్ ఎక్కిన మాలావత్ పూర్ణ, ఆనంద్ కుమార్ మొదట పాఠాలు నేర్చుకుంది ఈ బండ మీదే. సాంఘిక సంక్షేమ గురుకుల పిల్లలకి ఇక్కడ రాక్ క్లైంబింగ్ శిక్షణ ఇచ్చారు. తర్వాత డార్జిలింగ్, ఆ తర్వాత లద్దాఖ్. పూర్ణకి అప్పటికి పద్నాలుగేళ్లు కూడా నిండలేదు. ప్రపంచం చూసింది శిఖరం మీద ఫొటో. వాళ్లని అక్కడికి చేర్చింది మాత్రం భువనగిరిలో తాడు కట్టుకుని ఎక్కి దిగిన రోజులు.

నేను అదే బండ మీదికి ఏ తయారీ లేకుండా, అబద్ధం జేబులో పెట్టుకుని ఎక్కా.

కిందే తేల్చుకోవాల్సిన ఐదు సంగతులు

ఆ తర్వాత నెలల్లో ఒక నోట్‌బుక్‌లో రాసుకున్న లెక్క ఇది. ఉద్యోగ వేటలో ఉన్నవాళ్లకి మరీ అవసరం.

ఒకటి, ఉద్యోగం అసలు పరిస్థితి. ఆఫర్ లెటర్ వేరు, జాయినింగ్ వేరు, మొదటి జీతం వేరు. ఏ మెట్టు మీద ఉన్నారో అదే చెప్పండి. జాయినయ్యేదాకా మిగతా చోట్ల అప్లై చేయడం ఆపొద్దు. ‘ఇంకా రాలేదు’ అని చెప్తే పరువు పోదు. దాచింది బయటపడ్డప్పుడు పోతుంది.

రెండు, అప్పులు. ఎడ్యుకేషన్ లోన్ ఎంత, ఈఎంఐ ఎప్పుడు మొదలవుతుంది, ఇంట్లో చెల్లి పెళ్లో తమ్ముడి చదువో మీ మీద ఉందా? నెలకి చేతికొచ్చేదెంత, మిగిలేదెంత? కాగితం మీద రాసి ఇద్దరూ చూసుకోండి.

మూడు, ఊరు. ఒకరికి బెంగళూరులో, ఇంకొకరికి హైదరాబాద్‌లో ఉద్యోగం వస్తే ఎవరు మారతారు? ఎవరికైనా ఎంఎస్ కోసం వెళ్లే ఆలోచన ఉందా? పెళ్లయ్యాక తను ఉద్యోగం మానేయాలని ఎవరి మనసులోనైనా ఉంటే అది ఇప్పుడే బయటికి రావాలి.

నాలుగు, ఇల్లు. అమ్మానాన్నలకి ఎవరు చెప్తారు, ఎప్పుడు చెప్తారు, వద్దంటే ఎంతకాలం ఆగుతారు? కులం వేరైతే ఆ మాట దాటవేయకండి. ‘తర్వాత చూద్దాంలే’ అన్న ప్రతిసారీ ఆ బరువు మోసేది ఎక్కువగా అమ్మాయే.

ఐదు, చట్టం. అబ్బాయికి 21, అమ్మాయికి 18 ఏళ్లు నిండాలి. కులమతాలు వేరైనా 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం కింద పెళ్లి చేసుకోవచ్చు. ఇద్దరిలో ఒకరు కనీసం 30 రోజులుగా ఉంటున్న జిల్లాలోని వివాహాధికారికి నోటీసు ఇవ్వాలి, 30 రోజులు ఆగాలి, ముగ్గురు సాక్షులు కావాలి. ఇద్దరు మేజర్లు ఇష్టపడితే కుటుంబం, కుల పెద్దల అనుమతి అవసరం లేదని సుప్రీంకోర్టు 2018 మార్చిలో శక్తివాహిని కేసులో స్పష్టంగా చెప్పింది. ఈ సంగతి తెలిసి ఉంటే ఇంట్లో మాట్లాడేటప్పుడు ధైర్యం వస్తుంది.

ఈ ఐదూ తేలాక, ఇద్దరికీ సరదా ఉంటే కొండెక్కండి. ఎండ ముదరకముందే దిగేలా చూసుకోండి. వాన పడ్డాక బండ మీదికి వద్దు. అంచుకి దూరంగా, చదునుగా ఉన్నచోట నిలబడండి. వీడియో కావాలంటే ముందే అడగండి. ఎక్కడికి వెళ్తున్నారో ఇంట్లో ఒక్కరికైనా తెలియాలి.

ఆరు దారులున్న చోటు

మా కథ బీబీనగర్‌లో ఆగిపోలేదు. ముందు ఇంట్లో నిజం చెప్పా. నాన్న రెండు రోజులు మాట్లాడలేదు, మూడో రోజు ‘‘గీ మాట అప్పుడే చెప్తే అయిపోవుగద బిడ్డా’’ అన్నాడు. ఏప్రిల్‌లో ఒక చిన్న కంపెనీలో టెక్నికల్ రైటర్‌గా చేరా. బ్లాగ్ చూసే పిలిచారు. జీతం 22 వేలు. మొదటి రోజు ఐడీ కార్డు ఫొటో తీసి తనకి పంపా. రెండు రోజుల తర్వాత జవాబొచ్చింది: ‘ఫొటో బాలేదు. చాయ్ తాగుదామా?’

2023 జూన్‌లో ఉప్పల్ స్కైవాక్ తెరిచారు. రింగ్ రోడ్డు ట్రాఫిక్ మీద 660 మీటర్ల నడకదారి. మెట్రో స్టేషన్‌తో కలుస్తుంది, ఆరు చోట్ల దిగొచ్చు. జూలై నుంచి ప్రతి ఆదివారం సాయంత్రం అక్కడే కలిశాం. నోట్‌బుక్ తీసి ఒక్కో వారం ఒక్కో ప్రశ్న. అప్పుల దగ్గర నేను తలొంచుకున్నా. ఊరి దగ్గర ఇద్దరం పోట్లాడుకున్నాం. ఒక వారం తను మధ్యలోనే లేచి రామంతాపూర్ వైపు దిగి వెళ్లిపోయింది. వెళ్లగలిగింది. తర్వాతి ఆదివారం తనంతట తనే వచ్చింది.

ఆరో ఆదివారం మళ్లీ అడిగా. మోకాలు లేదు, ఫోన్ లేదు, కింద రింగ్ రోడ్డు హారన్లు తప్ప చప్పట్లు కూడా లేవు. ‘‘నాలుగు రోజులు టైం ఇయ్యి’’ అంది. సరే అన్నా. మూడో రోజే మెసేజ్ వచ్చింది. ఆఫీసు బాత్రూంలోకి వెళ్లి చదువుకున్నా.

మా కులాలు వేరు. వాళ్ల నాన్నని ఒప్పించడానికి ఏడాదికి పైగా పట్టింది. మా అమ్మ ముందు ఏడ్చింది, తర్వాత కోడలికి చీర కొనుక్కొచ్చింది. 2024 చివర్లో పెళ్లయింది.

ఇప్పటికీ చలికాలంలో భువనగిరి వెళ్తుంటాం. బండ ఏటవాలుగా ఉన్నచోట తనే ముందు దిగి నాకు చెయ్యి అందిస్తుంది. ఉంగరాన్ని మాత్రం ఇంట్లోనే పెట్టి వెళ్తాం. ఆ బండ మీద జారితే మళ్లీ దొరకదని తను పెట్టిన రూల్.